మన చావుకు వెల కట్టే కుర్చీలో ఎవరున్నారు?

(దళిత కార్యకర్తల శిక్షణ తరగతుల్లో రెండో రోజు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినది మాట్లాడినట్టే అచ్చు వేస్తున్నాం.)



నిన్నటి నుంచి భూమి గురించి, కూలిరేట్ల గురించి, బొందలగడ్డ జాగా గురించి మాట్లాడుకుంటున్నాం. వాటి తర్వాత మా విషయం వింటే మీకు విడ్డూరంగా ఉంటుంది. యాక్చువరీ అనే కొలువు గురించి, ఆ కొలువులో మన వాటా గురించి మాట్లాడబోతున్నాం. మీలో చాలామంది ఆ మాటే విని ఉండరు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మేం ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాం. మేం కూడా ఆ మాట నలభై దాటినాకనే విన్నాం.

మా ఇంట్లో మొదట బడి మెట్లు ఎక్కింది మేమే. మా బాపు దొర దగ్గర జీతం ఉన్నాడు. జీతగాడి లెక్క దొర పుస్తకంలో ఉండేది. ఎన్ని నాగాలు, ఎంత అప్పు, ఎంత వడ్డీ, అన్నీ దొరే రాసేవాడు, దొరే చదివేవాడు. మా బాపు వేలిముద్ర వేసేవాడు. ఆ పుస్తకంలో ఏముందో చదవాలన్న కసితోనే మేం లెక్కలు నేర్చుకున్నాం. ఇవాళ ఆ దొర పుస్తకం పోయింది. కానీ మన బతుకు లెక్క, చావు లెక్క ఇంకో పుస్తకంలో రాస్తున్నారు. ఆ రాసేవాణ్ణే యాక్చువరీ అంటారు.

సంగతి తేలిగ్గా చెప్తాం. మన వాడలో ఎవరన్నా పోతే ఏం చేస్తాం? ఇంటింటికీ తిరిగి ఇన్ని పైసలు, ఇన్ని బియ్యం వసూలు చేస్తాం. ఇంటికి ఎంత వెయ్యాలో ఎవరు చెబుతారు? వాడలో ఎన్ని గడపలున్నాయో, ఏడాదికి ఎన్ని చావులు వస్తాయో, ఏ ఇంటికి ఎంత తాహతుందో తెలిసిన పెద్దమనిషి చెబుతాడు. ముసలవ్వ ఒక్కతే ఉన్న ఇంటి దగ్గర చెయ్యి చాపడు. ఆ పెద్దమనిషి చేసే పనినే కంపెనీలో యాక్చువరీ చేస్తాడు. తేడా ఒక్కటే. మన పెద్దమనిషికి మన గడపలు తెలుసు.

బోర్డు మీద చూడండి. వెయ్యిమంది గుంపు. ఏడాదికి నలుగురు పోతారనుకుందాం. పోయినవాళ్ళ ఇంటికి రెండు లక్షలివ్వాలి. నాలుగు రెళ్ళు ఎనిమిది లక్షలు. వెయ్యిమంది పంచుకుంటే తలా 800 రూపాయలు. ఇంతే బీమా. కీలకమంతా ఆ 'నలుగురు' అన్న అంకె దగ్గరే ఉంది. నలుగురా, ఇద్దరా, ఆరుగురా? ఏ వయసోళ్ళు, ఏ పని చేసేవాళ్ళు, ఎక్కడుండేవాళ్ళు? ఆ అంకె తేల్చడమే యాక్చువరీ పని. పింఛన్లకూ, పంటల బీమాకూ, ఆరోగ్య బీమాకూ ఇదే వరస. ప్రతి బీమా కంపెనీలోనూ ఒక యాక్చువరీని పెట్టుకుని తీరాలని మన దేశంలో నిబంధన ఉంది. ఈ కంపెనీలన్నిటినీ అదుపు చేసే ఆఫీసు ఎక్కడో ఢిల్లీలో లేదు, మన హైదరాబాదు నానక్‌రాంగూడలోనే ఉంది. అక్కడి మేడలు కట్టడానికి మన ఊళ్ళ నుంచి పోయినవాళ్ళే తట్టలు మోశారు. లోపలి కుర్చీల సంగతే ఇప్పుడు మనం అడుగుతున్నది.

కుర్చీలో ఎవరుంటే ఏంటి, లెక్క లెక్కే గదా, దానికి కులముంటుందా అని మీలో ఎవరికైనా అనిపించొచ్చు. మాకూ అట్లాగే అనిపించేది. 2023లో మా వాడలో జరిగింది చెప్తాం, వినండి.

2015లో కేంద్ర ప్రభుత్వం జీవన జ్యోతి బీమా పథకం పెట్టింది. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 50 ఏళ్ళ లోపు వయసుంటే చేరొచ్చు. మొదట్లో ఏడాదికి 330 రూపాయలు, 2022 జూన్ నుంచి 436. మనిషి పోతే ఇంటికి రెండు లక్షలు. లెక్కలో మంచి పథకమే. మా వాడలో మేమే తిరిగి అరవై డెబ్భై మందిని చేర్పించాం. అందులో వరసకు మాకు చెల్లెలయ్యే అమ్మాయి, ఆమె పెనిమిటి ఉన్నారు. అతను సెంట్రింగు పనికి పోయేవాడు. 2023 జులైలో పచ్చకామెర్లతో పోయాడు. మేం కాగితాలు పట్టుకొని బ్యాంకుకు పోయాం. కౌంటరులో సారు ఖాతా తీసి చూసి, "ఈ ఏడు ప్రీమియం కట్ కాలేదు, పాలసీ లేదు" అన్నాడు. ఎందుకు కట్ కాలేదు? మే నెలాఖరులో ఆ ఖాతాలో 210 రూపాయలే ఉన్నాయి. ఆ పథకం ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. మే నెలాఖరున ఖాతాలో 436 ఉంటే మిషను తీసుకుంటుంది, లేకపోతే లేదు. అతను ఏడేళ్ళు కట్టాడు. ఎనిమిదో ఏట 226 రూపాయలు తక్కువైనందుకు రెండు లక్షలు పోయాయి. ఆ చెల్లె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రంతా మేం ఆలోచించాం. మే నెలాఖరు అంటే ఏంది? యాసంగి కోతలు అయిపోయి ఉంటాయి. వానలు పడవు, నాట్లు మొదలు కావు. ఉపాధి పని చేసినా డబ్బులు ఖాతాలో ఎప్పుడు పడతాయో చెప్పలేం. ముందర బడులు తెరుస్తారు, పిల్లలకు పుస్తకాలు కొనాలి. కూలివాడి చేతిలో పైసా ఆడని రోజులవి. నెల జీతగాడికి మే అయినా ఒకటే, డిసెంబరు అయినా ఒకటే. ఆ తేదీ పెట్టినవాడు చెడ్డవాడు అని మేం అనడం లేదు. అతనికి మే నెల అంటే ఎండాకాలం సెలవులు, అంతే. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒక్కడికి, కూలివాడి కొడుకు ఒక్కడికి నోరుంటే, "అయ్యా, ఈ పైసలు సంక్రాంతికి ముందు వానాకాలం వడ్లు కోసిన రోజుల్లో తీసుకోండి, లేదా నెలకు 37 చొప్పున తీసుకోండి" అని ఉండేవాడు గదా! లెక్క ఏమీ మారదు. పన్నెండు ముప్ఫైఏడులు 444, వాళ్ళకు ఇంకా ఎనిమిది రూపాయలు ఎక్కువే.

అమెరికావాళ్ళు దీన్ని డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్ అంటున్నారు. మన భాషలో ప్రాతినిధ్యం. ఈ మాట వాళ్ళకు ఊరికే రాలేదు. ఆ దేశంలో ఈ బీమా లెక్కలవాళ్ళు నల్లజాతి జనాన్ని ఏం చేశారో మనం తెలుసుకోవాలి. కొంచెం ఓపికగా వినండి, ఇది మన కథలాగే ఉంటుంది.

బానిసత్వం రద్దయ్యాక అక్కడి నల్లజాతి పేదలు కూడా బీమా తీసుకోవడం మొదలుపెట్టారు. వారానికి కొన్ని సెంట్లు, ఏజెంటు గడపకు వచ్చి తీసుకుపోతాడు. పేదవాడు ఎందుకు కడతాడు? చచ్చినాక దిక్కులేని శవం కాకూడదని. 1881లో ప్రుడెన్షియల్ అనే పెద్ద కంపెనీ ఒక నిర్ణయం చేసింది. నల్లవాళ్ళు ఎక్కువ చస్తున్నారు, గనక తెల్లవాడు కట్టినన్ని సెంట్లే నల్లవాడు కట్టినా, చావు సొమ్ములో మూడోవంతు కోసి ఇస్తాం అన్నది. మసాచుసెట్స్ రాష్ట్రంలో దీని మీద గొడవ జరిగి 1884లో చట్టం వచ్చింది. రంగును బట్టి తేడా చూపకూడదు అని. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ అట్లాంటి చట్టాలు చేశాయి. అప్పుడు కంపెనీలు ఏం చేశాయి? నల్లవాళ్ళ గడపకు పోవడమే మానుకున్నాయి! చట్టం ఒకే ధరకు అమ్మమన్నది గానీ, పోయి అమ్మమని చెప్పలేదు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి తీసెయ్యమంటే ఆ హోటలే మూసుకున్నవాళ్ళను మనం చూడలేదా?

తర్వాత ఆ కంపెనీకే ఒక లెక్కలవాడు దొరికాడు. ఫ్రెడరిక్ హాఫ్‌మన్. జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. 1896లో నల్లజాతి మీద ఒక పెద్ద పుస్తకం అచ్చేయించాడు. నిండా పట్టికలే. క్షయతో ఎంతమంది పోయారు, పసిపిల్లలు ఎంతమంది పోయారు, ఏ పట్నంలో ఎంతమంది. చివరికి తేల్చిందేందంటే, ఈ జాతి రక్తంలోనే లోపముంది, వీళ్ళు క్రమంగా అంతరించిపోతారు, వీళ్ళకు బీమా చేయడం దండగ అని. తాను విదేశంలో పుట్టినవాణ్ణి గనక తనకు పక్షపాతం లేదని ముందుమాటలో రాసుకున్నాడు కూడా! పక్షపాతం లేదని ముందుగా చెప్పుకునేవాళ్ళు మనకూ బాగా తెలుసు.

మరుసటేడే, 1897లో, దానికి జవాబు వచ్చింది. రాసింది కెల్లీ మిల్లర్, నల్లజాతి లెక్కల మేష్టారు. ఆయన తల్లి బానిసగా బతికిన మనిషి. ఆయన జాన్స్ హాప్కిన్స్ అనే పెద్ద విశ్వవిద్యాలయంలో పైచదువుకు చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి. అక్కడ ఫీజు పెంచితే కట్టలేక 1889లో మధ్యలో వదిలేసి వచ్చాడు. తర్వాత హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. హాఫ్‌మన్ ముందు పెట్టుకున్న చావుల అంకెల మీదే మిల్లర్ కూచున్నాడు. మిల్లర్ అడిగిన ప్రశ్న వేరు. వీళ్ళు ఎక్కడ ఉంటున్నారు? ఏం తింటున్నారు? ఏ నీళ్ళు తాగుతున్నారు? ఏ పని చేస్తున్నారు? చావుకు కారణం రక్తం కాదు, బతుకు అని తేల్చాడు. డ్యూబోయిస్ అనే గొప్ప మేధావి కూడా హాఫ్‌మన్ పుస్తకాన్ని ఇట్లాగే ఉతికి ఆరేశాడు.

మన తరగతులకు రాసుకోవాల్సింది ఇక్కడ. అంకె ఒకటే. హాఫ్‌మన్ చూస్తే 'వీళ్ళు చచ్చే జాతి' అని కనబడింది. మిల్లర్ చూస్తే 'వీళ్ళను చంపుతున్నారు' అని కనబడింది. హాఫ్‌మన్‌కు కూడిక, గుణకారం రాక కాదు. నల్లవాళ్ళు బతికే సందులో అతను ఒక్క రాత్రీ పడుకోలేదు. కానీ కంపెనీ కుర్చీ ఎవరిది? హాఫ్‌మన్‌ది. మిల్లర్ మాట కరపత్రంలో ఉండిపోయింది, హాఫ్‌మన్ మాట రేట్ల పట్టికలోకి పోయింది.

అక్కడి నల్లజాతి జనం ఊరుకోలేదు. 1898లో నార్త్ కరోలినాలోని డర్హాం పట్నంలో సొంతంగా బీమా కంపెనీ పెట్టుకున్నారు. పెట్టినవాళ్ళలో జాన్ మెరిక్ ఒకడు, బానిసగా పుట్టి మంగలి పనితో పైకొచ్చినవాడు. ఆరన్ మూర్ అనే డాక్టరు ఒకడు. ఆ కంపెనీకి లెక్కలు కట్టడానికి సొంత మనిషి కావాలని, ఏసా స్పాల్డింగ్ అనే కుర్రవాడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి పోయి 1932లో ఆ చదువు పూర్తి చేసుకొని వచ్చాడు. నల్లజాతిలో మొదటి యాక్చువరీ అని ఆయన్నే చెబుతారు. 1959లో అదే కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. దేశం మొత్తానికి యాక్చువరీల సంఘం ఒకటుంటుంది, దాని పరీక్షలన్నీ దాటిన మొదటి నల్లజాతి మనిషి రాబర్ట్ రాండాల్. అది 1952లో. నల్లజాతి యాక్చువరీలు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నది 1992లో. ఆ సంఘం పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. అంటే హాఫ్‌మన్ పుస్తకానికీ ఈ సంఘానికీ మధ్య దాదాపు వందేళ్ళు!

ఆ వందేళ్ళూ నల్లవాళ్ళు ఏం కట్టారు? కొన్ని కంపెనీలు శవసంస్కారం పాలసీలకు తెల్లవాళ్ళకంటే ఎక్కువ వసూలు చేస్తూనే పోయాయి. కొత్త పాలసీలు అమ్మడం ఆపేసినా, పాతవాటి మీద ఎక్కువ రేటు దండుతూనే ఉన్నాయి. 2000 సంవత్సరంలో అమెరికన్ జనరల్ అనే కంపెనీ ఈ వ్యవహారంలో 20 కోట్ల 60 లక్షల డాలర్లకు రాజీకి వచ్చింది. 2002లో మెట్‌లైఫ్ కూడా ఇట్లాంటి కేసులోనే రాజీ పడింది. చట్టాలొచ్చి, పౌరహక్కుల పోరాటం గెలిచి, ఇన్నేళ్ళయినాక!

ఆడవాళ్ళ సంగతి కూడా ఒక మాట. లండన్‌లో యాక్చువరీల సంస్థ 1848లో పుట్టింది. అందులో పూర్తి అర్హత పొందిన మొదటి మహిళ డొరతీ డేవిస్, 1923లో. డెబ్భై అయిదేళ్ళు ఒక్క ఆడమనిషి లేకుండా ఆడవాళ్ళ చావు లెక్కలు కట్టారు. యూరప్ కోర్టు 2011లో తీర్పు చెప్పింది, ఆడ మగ అని చూసి ప్రీమియం రేటు మార్చొద్దని. అది 2012 డిసెంబరు నుంచి అమలైంది.

ఇక మన గడ్డకు వద్దాం. మన బీమా ఫారంలో కులం గడి ఉండదు, మనకు అట్లాంటి అన్యాయం లేదు అని అంటారు. నిజమే, గడి లేదు. పక్క గడులు చూడండి. వృత్తి ఏంది? చదువు ఎంత? ఆదాయం రుజువు ఉందా? ఇల్లు ఎక్కడ? ఈ నాలుగు గడులు నింపినాక కులం గడి అవసరమా? తక్కువ ప్రీమియంతో యాభై లక్షలు, కోటి ఇచ్చే టర్మ్ పాలసీలని టీవీలో చూస్తుంటాం. వాటిలో చాలావాటికి పదో తరగతో డిగ్రీయో పాసై ఉండాలి, జీతం కాగితమో ఆదాయపన్ను కాగితమో చూపాలి. పత్తి ఏరే అక్కకు జీతం కాగితం ఎవరిస్తారు? ఆ అక్కకు మిగిలేవి రెండు లక్షల పథకాలే. ప్రమాదకరమైన పని చేసేవాడికి అదనపు ప్రీమియం పడుతుంది, లేకపోతే పాలసీయే ఇవ్వరు. మ్యాన్‌హోల్‌లో దిగేది ఎవరు? ఆ పనిని కులం కట్టబెట్టింది. 2013 చట్టం మనుషులను దించకూడదన్నది, అయినా దించుతూనే ఉన్నారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ చావులకు పరిహారం 30 లక్షలకు పెంచింది. ముందే కులం ఆ మనిషిని గుంతలోకి తోస్తుంది. తర్వాత లెక్కలవాడు వచ్చి 'ఇతని పని ప్రమాదకరం' అని ఫారం మీద రాస్తాడు. అబద్ధం కాదు, నిజమే రాశాడు. హాఫ్‌మన్ పట్టికల్లో కూడా చాలా అంకెలు నిజమే.

ఇంకో సంగతి. మన బీమా కంపెనీలు వాడే మరణాల పట్టిక, 2012-14 నాటిది, బీమా తీసుకున్న మనుషుల చావులను లెక్కపెట్టి కట్టింది. బీమా లేనివాడు ఆ పట్టికలో చచ్చినట్టు కూడా కాదు. అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో 2022లో ఒక పరిశోధన వచ్చింది, మన దేశంలో తొమ్మిది రాష్ట్రాల మీద. మన తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. పైకులాల హిందువులకంటే దళితులు మూడేళ్ళకు పైగా, ఆదివాసులు నాలుగేళ్ళకు పైగా తక్కువ బతుకుతున్నారని తేలింది. ఆస్తిపాస్తుల తేడా లెక్కలోంచి తీసేసి చూసినా ఆ వ్యత్యాసం మొత్తం పోలేదు. అంటే పేదరికం ఒక్కటే కాదు, ఇంకేదో మన ఆయుష్షు తింటున్నది. అదేందో మనకు తెలుసు. లెక్కలో రాయగలిగినవాడు కావాలి.

మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు, ప్రీమియం సర్కారే ఎల్.ఐ.సి.కి కడుతుంది. దాన్ని మేం తిట్టం. మా ఊళ్ళో ఆ డబ్బుతో నిలబడ్డ ఇళ్ళున్నాయి. కానీ రైతు అంటే ఎవరు? పట్టా పాసుపుస్తకం ఉన్నవాడు. పథకం పెట్టినప్పుడు కౌలుకు దున్నేవాణ్ణి, కూలికి పోయేవాణ్ణి చేర్చలేదు. ఒకే పొలంలో పిడుగు పడి ఇద్దరు పోతే, గట్టు మీదున్నవాడి ఇంటికి అయిదు లక్షలు, బురదలో ఉన్నవాడి ఇంటికి ఆ పథకంలో ఏమీ లేదు.

బాబాసాహెబ్ ఈ సంగతి ముందే చూశాడు. 1947లో రాజ్యాంగ సభకు 'రాష్ట్రాలు-మైనారిటీలు' అనే పత్రం రాశాడు గదా. భూమి జాతీయం చేయాలన్నాడని మనం మీటింగుల్లో చెబుతాం. అందులోనే బీమా గురించి కూడా ఉంది. బీమా మొత్తం ప్రభుత్వం చేతిలోనే ఉండాలి, వయసొచ్చిన ప్రతి పౌరుడికీ అతని కూలికి తగినట్టు జీవిత బీమా తప్పనిసరి చేయాలి అన్నాడు. ఇది మనం ఎందుకు చదవకుండా దాటేశాం? మేం కూడా ఎన్నోసార్లు దాటేశాం, ఒప్పుకుంటాం. ఆయన కార్మిక శాఖ చూస్తున్నప్పుడే, 1944లో, కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది. దాని మీద నుంచే 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. 1956లో జీవిత బీమా జాతీయం అయింది. ప్రైవేటు కంపెనీలకు 1999 చట్టంతో మళ్ళీ తలుపులు తెరిచారు. ఎల్.ఐ.సి. ప్రభుత్వ సంస్థ గనక కొలువుల్లో మనకు రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కంపెనీల్లో లేదు. యాక్చువరీలను ఎక్కువగా పెట్టుకుంటున్నది ఇప్పుడు ఎవరో మీరే ఆలోచించండి.

ఆ కొలువుకు దారి ఏందంటే, మన దేశంలో 2006 చట్టం కింద ఒక సంస్థ ఉంది. ఇంటరు పాసైనవాళ్ళు దాని ప్రవేశ పరీక్ష రాయొచ్చు. తర్వాత పూర్తి అర్హతకు పదమూడు పేపర్లు. అంతా ఇంగ్లీషే. ఏళ్ళు పడుతుంది. ఒక్కో పేపరుకు ఫీజు వేలల్లో ఉంటుంది, తప్పితే మళ్ళీ కట్టాలి. మూడు నాలుగు పేపర్లు పాసైతే కంపెనీలు కొలువిస్తాయి. ఆ తర్వాత ఫీజులు చాలా కంపెనీలే కడతాయి, చదువుకు సెలవులూ ఇస్తాయి. అంటే మెడ పట్టుకునేది మొదటి మూడు నాలుగు పేపర్ల దగ్గరే. అప్పటిదాకా ఇంట్లో తిండిపెట్టి, ఫీజు కట్టి, ఒకటి రెండు సార్లు తప్పినా భరించే తండ్రి ఉండాలి. కెల్లీ మిల్లర్‌ను వెనక్కి పంపింది కూడా లెక్కలు రాకపోవడం కాదు, ఫీజే.

మెరిట్ అంటారా? మెరిట్ సంగతి మాకు చెప్పొద్దు. గురుకులం పిల్లలు 2014లో ఎవరెస్టు ఎక్కి వచ్చారు. అమెరికాలో కూడా ఇప్పుడు ఇదే పాట మొదలైంది. 2025 జనవరిలో వాళ్ళ కొత్త అధ్యక్షుడు ప్రభుత్వ శాఖల్లో ఈ ప్రాతినిధ్యం కార్యక్రమాలు ఎత్తేయమని ఉత్తర్వులిచ్చాడు. 1990లో మండల్‌కు ఎదురుగా రోడ్ల మీద బూట్లు తుడిచినవాళ్ళు గుర్తొచ్చారు మాకు.

మన సంఘంలోనే ఒక తమ్ముడు నిన్న రాత్రి మమ్మల్ని అడిగాడు. "సార్, మన పిల్లలు పదిమంది అక్కడ కూచుంటే కంపెనీ లాభం మానుకుంటదా?" అని. మానుకోదు తమ్ముడూ. మనవాడు ఎస్సై అయితే లాఠీ మెత్తబడుతుందా అన్నట్టే ఇది. ఆ కుర్చీలో కూచున్నాక మనవాడూ కంపెనీవాడు అయిపోవచ్చు. అట్లా అయినవాళ్ళను చూశాం. కానీ మన చెల్లె రెండు లక్షలు పోయింది లాభం కోసం కాదు. మే నెల సంగతి తెలిసిన మనిషి లేక పోయింది. ఆ ఒక్కటి మనవాడు చెప్పగలడు. మిగతాది ఉద్యమం చెయ్యాలి. రెండూ కావాలి. ఒకదానికి ఇంకోటి బదులు అని మేం అనడం లేదు.

మరి ఏం అడుగుదాం? బీమా నియంత్రణ సంస్థనూ, యాక్చువరీల సంస్థనూ మొదట అడగాల్సింది లెక్క. మీ సభ్యుల్లో, మీ దగ్గర పరీక్షలు రాసే పిల్లల్లో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, బీసీలెందరు, ఆడవాళ్ళెందరు, ఏటేటా అచ్చువేయండి అని. లెక్కలు కట్టి బతికేవాళ్ళకు ఈ లెక్క కష్టం కాదు. లండన్ సంస్థలో తక్కువ ఆదాయమున్నవాళ్ళకు ఫీజు తగ్గించే పద్ధతి ఉంది, ఇక్కడ మన పిల్లలకు మొదటి నాలుగు పేపర్లకు ఫీజే ఉండొద్దు. మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఇంటరు ఎం.పి.సి. పిల్లలకు ఇంజనీరింగు ఒక్కటే చూపిస్తున్నారు, ఈ దారి కూడా చూపించమని అడుగుదాం. జీవన జ్యోతి ప్రీమియం నెలనెలా కట్టుకునే వీలు, కట్టలేకపోతే మూడు నెలల గడువు ఇవ్వమని సంతకాలు సేకరిస్తున్నాం. ఆ కాగితం వెనక వరసలో తిరుగుతూ ఉంది, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి, పక్కవాళ్ళు చదివి వినిపించి మరీ వేయించండి.

మా బడిలో ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఆ చెల్లె కూతురే. సంభావ్యత పాఠం చెబుతుంటే లేచి అడిగింది, "సార్, పాచిక మీద ఆరు పడే అవకాశం ఆరింట ఒకటి అన్నారు గదా, పాచికను ఎవరన్నా ముందే అరగదీసి ఉంటే?" అని. పిల్లలంతా నవ్వారు. మేం నవ్వలేదు. ఆ అమ్మాయికి ఇంటరు అయ్యేసరికి ఆ ప్రవేశ పరీక్ష ఫీజు, మొదటి పేపర్ల ఫీజు మన సంఘం చందాల్లోంచి కట్టాలని మా ప్రతిపాదన. సాయంత్రం కార్యవర్గంలో పెడతాం. ఎవరికి అభ్యంతరమున్నా అక్కడ లేచి చెప్పండి.

ఇప్పుడు భోజనాలు. పాసుపుస్తకాలు తెచ్చుకున్నవాళ్ళు భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింది బల్ల దగ్గరికి రండి. ఈ ఏడు 436 కట్ అయిందో లేదో ఒక్కొక్కరిదీ చూస్తాం. కట్ కానివాళ్ళు మళ్ళీ చేరొచ్చు. చేరినాక ముప్ఫై రోజుల దాకా, ప్రమాదంలో పోతే తప్ప డబ్బు రాదు, అది గుర్తుంచుకోండి. నామినీ పేరు లేనివాళ్ళు, పెండ్లయినా ఇంకా తల్లి పేరే ఉన్నవాళ్ళు ఆధార్ కార్డు కూడా పట్టుకు రండి. ఫారాలు మా దగ్గర ఉన్నాయి.